పెట్టె పాడకూడదు

ముందుమాట అడగడానికి వచ్చేవాళ్ళు మామూలుగా రాతప్రతి తెస్తారు, దాంతోపాటు ఓ పూతరేకుల డబ్బా. ఈ పుస్తక రచయిత రెండు ఖాళీ చెక్కపెట్టెలు ఆటోలో వేసుకొచ్చాడు. రెండూ ఒకే కొలత: అడుగు ఎత్తు, జానెడు వెడల్పు. వాటిని వరండాలో నా పడక్కుర్చీ పక్కన దించి, "మాస్టారూ, కాగితాలు తర్వాత ఇస్తాను. ముందు వీటిని వేలి కణుపుతో ఓసారి తట్టి చూడండి" అన్నాడు.

మొదటిది టేకు పెట్టె. అంగుళం మందం చెక్క, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. తట్టగానే ఖంగుమంది. ఆ మోత కాసేపు నిలిచింది కూడా. రెండోది పల్చటి ప్లైవుడ్‌తో చేసింది. లోపలి గోడలకు నల్లటి తారు పలకలు అంటించి ఉన్నాయి. తట్టితే దిండు మీద కొట్టినట్టు దబ్బుమని ఊరుకుంది.

"వీటిలో ఏది మంచి స్పీకరవుతుంది?" అన్నాడు.

యాభై ఏళ్ళ కిందట అడిగి ఉంటే టేకుదేనని ఢంకా బజాయించి చెప్పేవాణ్ణి. చెప్పడమేమిటి, చేసి చూపించాను కూడా.

అప్పటికి ఆకాశవాణి విజయవాడ కేంద్రం కంట్రోల్ రూములో నాకు నాలుగేళ్ళ సర్వీసు. ఎనిమిదంగుళాల స్పీకరొకటి సంపాదించి, దానికి తగ్గ పెట్టె చేయించాలని పట్టుబట్టాను. మంచి వస్తువుకి మంచి కలప అన్నది మన ఇళ్ళల్లో పుట్టుకతో వచ్చే నమ్మకం. ద్వారబంధానికి టేకు, మంచానికి టేకు, స్పీకరుకి మాత్రం ఎందుకు కాదు? మా వీధి వడ్రంగి రెండాదివారాలు చిత్రిక పట్టి, మూలల్లో సందు కనపడకుండా కలిపి, లక్క పాలిష్ పెట్టి ఇచ్చాడు. కొత్త పెళ్ళికూతురి సారె పెట్టెలా ఉంది. లోపల ఇంత దూది పెట్టాలని కూడా నాకు తోచలేదు. మర్నాడు పొద్దున్నే రేడియోకి తగిలించాను. భక్తిరంజని బాగానే ఉన్నట్టనిపించింది. ఆ తర్వాత మా అనౌన్సరు గొంతు వచ్చింది. వంటింట్లోంచి మా ఆవిడ, "పాపం, ఆయనకి జలుబు చేసినట్టుందే" అంది.

ఆయనకి ఏ జలుబూ లేదు. ముందురోజు రాత్రి మా ఇంట్లోనే భోంచేసి వెళ్ళాడు, గొంతు గంటలా ఉంది. జలుబు చేసింది నా పెట్టెకి.

ఆ ఒక్క మాటతో మా ఆవిడ, తనకు తెలియకుండానే, ఇంగ్లండ్‌లో సర్రీ జిల్లా కింగ్స్‌వుడ్ వారెన్‌లోని బీబీసీ పరిశోధన విభాగం వాళ్ళు చేసే పరీక్షే చేసేసింది. వాళ్ళు స్పీకరు మంచిచెడ్డలు తేల్చడానికి మనిషి గొంతును బాగా నమ్ముకున్నారు. తెలిసిన మనిషి మాటని ఓసారి నేరుగా, ఓసారి స్పీకరులో విని పోల్చేవారు. వయొలిన్లు ఒక్కోటి ఒక్కోలా పలుకుతాయి, కాస్త తేడా వచ్చినా అది వయొలిన్‌దో స్పీకరుదో చెప్పడం కష్టం. రోజూ వినే మనిషి గొంతు అలా కాదు. అందులో నలుసంత తేడా వచ్చినా వంటింట్లో పోపు వేస్తున్నవాళ్ళకి కూడా దొరికిపోతుంది.

ఈ పుస్తకమంతా నిలబడింది ఒక్క మాట మీద: స్పీకరు వాయిద్యం కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళు పనసదుంగను తొలిచి కుండ తీస్తారు. ఆ కొయ్య మోగాలి, మోగకపోతే అది వీణే కాదు. రికార్డు చేసిన ఆ వీణని మన ఇంట్లో వినేటప్పుడు స్పీకరు పెట్టె కూడా తన వంతుగా మోగిందనుకోండి, మనం విన్నది బొబ్బిలి పనసని కాదు, మా వీధి టేకుని. వీణ చేసేవాడు కొయ్య చేత పాడిస్తాడు. స్పీకరు చేసేవాడు కొయ్య నోరు మూయిస్తాడు. ఈ రెండో పని తేలికని ఎవరైనా అనుకుంటే నేరుగా ఆరో అధ్యాయం తీయండి.

ఆరో అధ్యాయం ఎల్‌ఎస్ 3/5ఏ అనే స్పీకరు కథ. పుస్తకానికి గుండెకాయ అదే. నేను దాన్ని మూడుసార్లు చదివాను, రెండోసారి తప్పులు వెతకడానికే చదివాను.

1960ల చివర్లో బీబీసీ వాళ్ళు సంగీత స్టూడియోల్లో శబ్దం ఎలా ఉంటుందో గోడలు లేపకముందే తెలుసుకోవాలని ఎనిమిదో వంతు నమూనాలు కట్టి ప్రయోగాలు చేశారు. బొమ్మరిల్లు లాంటి ఆ గదిలో మోగించడానికి ఓ బుల్లి స్పీకరు కావలసొచ్చింది. చేశారు. దాన్ని నమూనాలోంచి బయటకు తీసి మామూలు గదిలో వింటే, పిట్ట కొంచెం కూత ఘనం. బయటి ప్రసారాలకి వెళ్ళే వ్యాన్లలో ఇంజనీరు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునే చోట పెద్ద స్పీకర్లు పట్టవు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తూకం తెలియదు. ఆ వ్యానుకి ఇది అతికినట్టు సరిపోయింది. రేడియోలో పనిచేసినవాణ్ణి గనక ఈ ఘట్టం చదువుతుంటే నా మోకాళ్ళు కూడా గుర్తొచ్చాయి.

దీనిలో కింది స్వరాలు పలికే ఊఫరు బీ110, పై స్వరాలు పలికే ట్వీటరు టీ27. రెండూ కెఫ్ కంపెనీవి. 1961లో ఆ కంపెనీని కెంట్‌లోని మెయిడ్‌స్టోన్‌లో పెట్టిన రేమండ్ కుక్ కూడా ఒకప్పటి బీబీసీ ఇంజనీరే. మొదట ఎల్‌ఎస్ 3/5 అని కొద్ది జతలే చేశారు. ఇంతలో కెఫ్ నుంచి వచ్చే యూనిట్లు మారాయి. పాతవాటితో కొత్తవి కలవలేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కలు కట్టి, శబ్దాన్ని ఈ రెండింటికీ పంచే క్రాసోవర్ మార్చి, పేరు చివర 'ఏ' తగిలించారు. 1976లో హార్వుడ్, వాటన్, మిల్స్ అనే ముగ్గురు దీని మీద రాసిన బీబీసీ నివేదికను రచయిత పొరలు పొరలుగా విప్పి చెప్పాడు.

పెట్టె 30 సెంటీమీటర్ల ఎత్తు, 19 వెడల్పు, లోతు 16 పైచిలుకు. లోపలి గాలి దాదాపు ఐదు లీటర్లు, అంటే మన ఐదు లీటర్ల నూనె డబ్బాలో పట్టేంత. గోడలు 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్. అంత పల్చగా ఎందుకంటే, మందంగా చేస్తే గోడ మోగడం ఆగిపోదు, మోగే చోటు పైకి జరుగుతుంది. సరిగ్గా మనిషి గొంతు ఉండే మధ్య శ్రేణిలోకి, చెవి అతి చురుగ్గా పనిచేసే చోటికి వచ్చి కూర్చుంటుంది. పైగా అక్కడ దాని నోరు మూయించడం కష్టం. పల్చటి గోడ కింది స్థాయిలో కదులుతుంది, ఆ కదలికని తారు పలక మింగేస్తుంది. నా టేకు పెట్టె చేసిన తప్పు నాకు యాభై ఏళ్ళ తర్వాత ఈ పేజీలో లెక్కలతో సహా దొరికింది.

లోపలి మూలల్లో వేసే బద్దలు కూడా ఫలానా కలపవే ఉండాలని బీబీసీ రాసిపెట్టుకుంది: బీచ్. దాని బదులు ఓ రకం పైన్ వాడితే చెవికి తేడా తెలిసింది. కంటికి కనపడని బద్ద! ట్వీటరు చుట్టూ మందపాటి ఫెల్ట్ గుడ్డ అంటించారు. ట్వీటరు నుంచి వచ్చే శబ్దం ముందు పలక మీదుగా పక్కలకు పాకి, అంచులకు తగిలి మళ్ళీ మన వైపు తిరుగుతుంది. అసలు శబ్దం వెనకాలే దాని నీడ వచ్చినట్టు. ఆ నీడ రాకుండా ఈ గుడ్డ.

ఈ అధ్యాయంలో నాకు బాగా నచ్చింది క్రాసోవర్ దగ్గరి సంగతి. ఒకే సాంచాలో చేసినా ఏ రెండు ట్వీటర్లూ సమానంగా గట్టిగా పలకవు. అందుకని క్రాసోవర్‌లోని కాయిల్‌కి మెట్లు మెట్లుగా కొసలు తీసి ఉంచారు. ఒక్కో ట్వీటర్నీ కొలిచి, దాని గొంతుకి ఏ మెట్టు సరిపోతుందో చూసి, తీగని అక్కడ సోల్డర్ చేసేవారు. కచేరీకి ముందు మృదంగం మీద రాయి పెట్టి శ్రుతి చేసే పని లాంటిదే, కాకపోతే ఇది ఫ్యాక్టరీలో జరిగేది, ఒక్కసారే జరిగేది.

దీనికి ఉన్న లోపాల్ని రచయిత దాచలేదు. 80 హెర్ట్జ్ దాటి కిందికి దిగితే నీరసపడిపోతుంది. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 83 డెసిబెల్సే. డప్పులూ నాదస్వరం డోలూ దీంట్లో ఊరేగింపు స్థాయిలో వినాలనుకుంటే ఊఫరులోని కాయిల్ కాలుతుంది. గదిలో నలుగురు కూర్చుని ఒక గొంతుని వినడానికి మాత్రం ఇప్పటికీ దీన్ని చేసి అమ్ముతున్నారంటే ఊరికే కాదు. బీబీసీ లైసెన్సు ఇచ్చిన కంపెనీల్లో రోజర్స్, స్పెండర్, హార్బెత్ ఉన్నాయి. నివేదిక రాసిన హార్వుడ్ గారే బీబీసీ వదిలి 1977లో హార్బెత్ పెట్టారు. స్పెండర్ పెట్టిన స్పెన్సర్ హ్యూస్ కూడా బీబీసీవాడే. భార్య డొరతీ పేరులోంచి సగం, తన పేరులోంచి సగం కలిపి కంపెనీకి పేరు పెట్టాడు. ఈ సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను. "మీరు పెట్టింది జలుబు పెట్టె ఒక్కటే" అంది.

ఇక రచయిత గురించి. వాళ్ళ నాన్నగారికి తణుకులో మైకు సెట్టు అద్దెకిచ్చే షాపు ఉండేది. పెళ్ళిళ్ళ సీజన్లో, జాతర్ల సీజన్లో కాలిపోయిన స్పీకర్లు వరసగా వచ్చేవి. నాలుగో అధ్యాయంలో ఆ షాపులో స్పీకరు కోను, దాన్ని ఊపే కాయిల్ మార్చే పనిని ఇతను వర్ణించిన తీరు చూస్తే నాకు అసూయ పుట్టింది. కాలిన కాయిల్‌నీ చిరిగిన కోనునీ కోసి తీసేశాక, అయస్కాంతం మధ్య గుండ్రటి సందు కనిపిస్తుంది. కొత్త కాయిల్ ఆ సందులో ఏ గోడకీ తగలకుండా నిలబడాలి. అటూ ఇటూ ఉండే ఖాళీ వెంట్రుకలతో కొలవాల్సినంత. వాళ్ళ నాన్నగారు పాత ఎక్స్‌రే ఫిల్ముని సన్నటి పట్టీలుగా కత్తిరించి కాయిల్ లోపల చుట్టూ దోపేవారట. కోను అంచులకు జిగురు పూసి, రాత్రంతా ఆరనిచ్చి, తెల్లారాక ఒక్కో పట్టీ లాగేసేవారట. తర్వాత రెండు బొటనవేళ్ళూ కోను మీద సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కి, చెవి దగ్గర పెట్టి వినడం. ఏ చప్పుడూ రాకపోతే కుదిరినట్టు. గీరిన చప్పుడు వస్తే పని మళ్ళీ మొదటికి. ఆ తర్వాతే మధ్యలో నల్లటి టోపీ అంటించేది. డెన్మార్క్‌లో, నార్వేలో ప్రపంచమంతా పేరున్న యూనిట్లు చేసే ఫ్యాక్టరీల్లో ఎక్స్‌రే ఫిల్ము బదులు కొలతకి చేసిన గేజి దోపుతారు. పని మాత్రం ఇదే.

ఇంతకీ ఈ కోను, కాయిల్ అమరిక కొత్తదేం కాదు. 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు దీని మీద పత్రం రాశారు. నా సర్వీసులో వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి, టేపు పోయి కంప్యూటరు వచ్చింది. కోను అలాగే ఉంది. దాని పనితనం కూడా లెక్కలో చూస్తే నవ్వొస్తుంది: ఇంట్లో వాడే స్పీకరు తనకిచ్చిన కరెంటులో నూటికి ఒక వంతు కూడా శబ్దంగా మార్చదు. మిగతాదంతా కాయిల్‌లో వేడి. కాయిల్ ఓ వంద డిగ్రీలు వేడెక్కితే రాగి తీగ నిరోధం 40 శాతం దాకా పెరుగుతుంది. అప్పుడు పాట పెద్దదవ్వాల్సిన చోట పెద్దదవదు, పల్లవిలో ఉన్న ఊపు చివరి చరణానికి ఉండదు. మంచి స్పీకర్లలో కాయిల్ వెడల్పు పెంచేదీ, అయస్కాంతానికి అంత ఇనుము పెట్టేదీ ఈ వేడిని లాగేయడానికి కూడా. అయస్కాంతాల కథ మరీ చిత్రమైంది. 1978లో ఆఫ్రికాలో, అప్పటి జైరే దేశంలోని షాబా ప్రాంతంలో యుద్ధం వచ్చి కోబాల్ట్ ధర ఆకాశానికెక్కింది. కోబాల్ట్‌తో చేసే ఆల్నికో అయస్కాంతాల్ని స్పీకరు కంపెనీలు చాలావరకు వదిలేసి ఫెర్రైటుకి మళ్ళాయి. కోఠీ గుజరాతీ గల్లీలో ఈనాడు మనం చూసే స్పీకర్ల వెనక నల్లటి బిళ్ళ ఉండటంలో ఆ యుద్ధానికీ ఓ చెయ్యి ఉంది.

బేస్ గురించిన అధ్యాయం కొంచెం కష్టం. లెక్కలున్నాయి. కానీ దాటేయకండి. 20 హెర్ట్జ్ శబ్దం ఒక అల పొడవు 17 మీటర్లు, ఆర్టీసీ బస్సు కన్నా పొడుగు. 20,000 హెర్ట్జ్‌ది 1.7 సెంటీమీటర్లు, గోరంత. ఈ రెండింటినీ ఒకే పెట్టె పలికించాలి. శబ్దం ఒక్కో స్థాయి కిందికి, అంటే సగం హెర్ట్జ్‌కి, దిగినకొద్దీ అంతే గట్టిగా వినపడాలంటే కోను నాలుగింతలు ఎక్కువ దూరం ఊగాలి. పెట్టె చిన్నదై, బేస్ లోతుగా ఉండి, తక్కువ కరెంటుతో గట్టిగా మోగాలంటే కుదరదు, మూడింట్లో ఒకటి వదులుకోవాల్సిందే. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ఏఆర్-1లో పెట్టెని గాలి చొరకుండా మూసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకుని చిన్న పెట్టెలో బేస్ సాధించాడు. వదులుకున్నది తక్కువ కరెంటుతో గట్టిగా మోగడం. మూయకుండా గొట్టం పెట్టిన పెట్టెల లెక్కలు మాత్రం ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో తేల్చాడు. పదేళ్ళపాటు ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 1971లో అమెరికాలోని ఆడియో ఇంజనీర్ల సంఘం పత్రికలో ఆ పత్రాన్ని మళ్ళీ అచ్చేశాక, సిడ్నీలోనే రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాక, అందాకా చెయ్యి తిరిగినవాళ్ళు ఊహతో చేసే పెట్టెని కాగితం మీద ముందే చూడటం వీలైంది. థీల్ గారు కూడా తర్వాత ఆస్ట్రేలియా ప్రసార సంస్థ ఏబీసీలో చేరారు. హార్వుడ్ బీబీసీ, థీల్ ఏబీసీ. మేం రేడియోవాళ్ళం జీతానికి మించిన పని చాలానే చేశాం. ఈ గొప్పను రచయిత చెప్పలేదు, నేను చెప్పుకుంటున్నాను.

పల్చటి పెట్టే సరైనదని మాత్రం ఈ పుస్తకం చదివి అనుకోకండి. ఖరీదైన స్పీకర్లలో సగం కథ దీనికి ఎదురు దారిది. ఇంగ్లండ్‌లోనే బీ అండ్ డబ్ల్యూ కంపెనీ 1980ల్లో పెట్టె లోపల తేనెపట్టులా అడ్డగోడలు అల్లి మ్యాట్రిక్స్ అని పేరు పెట్టింది. అమెరికాలో మ్యాజికో పెట్టెల్ని అల్యూమినియంతో చేస్తుంది, విల్సన్ రాయి లాంటి కృత్రిమ పదార్థాలతో చేస్తుంది. ఒక్కోటి ఇద్దరు ముగ్గురు కలిసినా కదలదు. తారు పలక పెట్టినా, అల్యూమినియం దిమ్మ పెట్టినా కోరేది ఒకటే, పెట్టె పాడకూడదు. ఏ దారి మంచిదో రచయిత తీర్పు చెప్పకుండా వదిలేశాడు. నేనైతే చెప్పేవాణ్ణి. ఐదు కేజీల పెట్టెతో బీబీసీవాళ్ళు సాధించినదాన్ని వంద కేజీలతో సాధించడంలో నాకు డబ్బు కనిపిస్తుంది గానీ అంత తెలివి కనిపించదు. ఇది ముసలివాడి పక్షపాతం, ఒప్పుకుంటాను.

ధర సంగతి వచ్చింది గనక ఇంకో మాట. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఏళ్ళ తరబడి శ్రోతల మీద పరీక్షలు చేసిన ఫ్లాయిడ్ టూల్, ఆ తర్వాత హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్‌తో కలిసి 1994లో ఒకే శ్రోతలకి అవే స్పీకర్లని ఓసారి కనపడేలా, ఓసారి తెర వెనక పెట్టి వినిపించారు. మార్కులు మారిపోయాయి. విన్నది చెవులు గానీ మార్కులు వేసింది కళ్ళన్నమాట. ఈ పుస్తకం చదివి స్పీకరు కొనబోయేవాళ్ళు ఆ పేజీలు చదివాకే షోరూము మెట్లెక్కండి.

నాకు నచ్చనివీ ఉన్నాయి. స్పీకరు తీగల గురించి ఒక అధ్యాయమంతా రాశాడు. తీగ తగినంత లావుగా, పొట్టిగా ఉండాలి, కొసలు గట్టిగా బిగించాలి. నా లెక్కలో అది ఒక పేజీ. "జనం అడుగుతారు మాస్టారూ" అన్నాడు. జనం అడిగినవన్నీ రాయనక్కర్లేదు నాయనా అన్నాను. వినలేదు. తెలుగు మాటల దగ్గర మాత్రం విన్నాడు. మొదటి ప్రతిలో క్రాసోవర్‌కి 'స్వరవిభాజకం' అని పెట్టాడు. కోఠీలో ఆ మాట చెప్పి వస్తువు తెచ్చుకో చూద్దాం అంటే కొట్టేశాడు. ముందు పలకకి 'అడ్డుపలక' అన్నది ఉంచమన్నాను. ఆ మాట వడ్రంగికి చెప్పినా అర్థమవుతుంది. తెలుగులో ఇలాంటి పుస్తకం రావడం నేను చూస్తాననుకోలేదు. కొలతలు తెలిసినవాళ్ళకి రాయడం రాదు, రాయడం వచ్చినవాళ్ళు సోల్డరింగ్ ఐరన్ పట్టుకోరు. ఇతనికి రెండూ వచ్చు, నాన్నగారి బొటనవేళ్ళ ఓపిక కూడా వచ్చింది. నిండు నూరేళ్ళు ఇలాగే పనిచేయాలని నా ఆశీస్సులు.

పాఠకులకి ఒక చిన్న పని చెప్తాను. మీ ఇంట్లో ఎవరిదైనా గొంతుని, మీకు దొరికినంతలో మంచి మైకుతో రెండు నిమిషాలు రికార్డు చేయండి. పాట వద్దు, మాటలే. మీ స్పీకరులో పెట్టి, వంటింట్లో ఉన్నవాళ్ళతో ముందే ఏమీ చెప్పకుండా ఊరుకోండి. వాళ్ళేమీ అనకపోతే మొదటి అధ్యాయం నుంచి తీరిగ్గా చదువుకోండి. జలుబు చేసిందా అని అడిగితే మాత్రం ఆరో అధ్యాయం నుంచి మొదలుపెట్టండి.